ధూళిపాదముల చిత్రకారుడు – కరవాజ్జో

మహాపురుషుల చరిత్రలు చదువుటవలన రెండు విధములగు లాభములు కలవు. సచ్చరిత్రుల జీవితములు మనకు నడువదగిన త్రోవ చూపును. మరికొందరి జీవితములు అట్లు అనుసరింపదగినవి కావు. కాని వారి చేతిపని లోకమునకు మేలు చేసియుండును. నాలుగు వందల యేండ్లకు పూర్వము ఇటలీ దేశమున బ్రదికిన చిత్రకారుడు కరవాజ్జో ఈ రెండవ తెగకు చెందినవాడు. ఆతడు కోపిష్ఠి, కలహప్రియుడు, తుదకు నరహంతకుడు. అయినను దేవుని సన్నిధిని పేదవాని చోటెక్కడ అను ప్రశ్నను రంగులతో అడిగి, రంగులతోనే దానికి బదులు చెప్పినవాడు. ఆ బదులు కొందరికి నచ్చెను, కొందరికి నచ్చలేదు. నచ్చినవారెవరు, నచ్చనివారెవరు అను విషయమును తెలిసికొనుటయే ఈ వ్యాసమున ముఖ్యోద్దేశము.

బాల్యము

ఈతని అసలు పేరు మికెలాంజెలో మెరీసి. 1571 సెప్టెంబరు 30వ తేదీని మిలాను నగరమందలి యొక దేవాలయమున ఈతనికి జ్ఞానస్నానము జరిగెను. ఆ సంగతి వ్రాసియున్న పుట 2007లో బయల్పడెను. తల్లిదండ్రుల ఊరు కరవాజ్జో. అది మిలానుకు తూర్పున నున్న చిన్న పట్టణము. మనలో ఊరిపేరు ఇంటిపేరుగా నిలిచినట్లే, పెద్దవాడైన పిదప ఆ ఊరిపేరే ఈతనికి నిలిచిపోయెను.

తండ్రి ఫెర్మో మెరీసి కరవాజ్జో ప్రభువు కొలువులో గృహవ్యవహారములు చూచు ఉద్యోగి. కుటుంబమునకు కొద్దిపాటి భూవసతి కలదు. వారు దొరలు కారు, కూలివారును కారు. దొరల వాకిట నిలిచి నాలుగు మాటలు చెప్పుకొనగలవారు. పై మెట్టుపై ఆశ, క్రింది మెట్టుతో పరిచయము – ఈ రెండును బాలునకు పుట్టుకతోనే వచ్చినవి. జీవితాంతము ఆతనిని లాగినవి ఈ రెండే.

1576లో మిలాను నగరమున మహామారి ప్రబలెను. మెరీసివారు కరవాజ్జోకు తరలిపోయిరి. అయినను 1577లో తండ్రియు, తాతయు మరణించిరి. బాలునకప్పుడు ఆరేండ్లు. ఆ భయంకర దినములలో మిలాను మేత్రాణి కార్డినలు కార్లో బొర్రొమేయో మెడకు త్రాడు కట్టుకొని, చెప్పులు లేని కాళ్లతో నగరవీధులలో ప్రార్థనల ఊరేగింపు నడపెను. గొప్పవాడు వట్టికాళ్లతో నడచుట భక్తికి గురుతని ఆ దేశమున ప్రతి పసివాడును ఎరుగును.

1584లో, పదమూడవ యేట, బాలుడు మిలానులో సిమోనె పెటెర్జానో అను చిత్రకారునియొద్ద నాలుగేండ్ల గడువునకు శిష్యుడుగా చేరెను. 1590లో తల్లియు కన్నుమూసెను. తన వంతునకు వచ్చిన భూమిని అమ్ముకొని, ఆ సొమ్ము ఖర్చయిన పిదప ఆతడు రోము నగరమునకు పోయెను.

రోము నగరమున

అప్పటి రోము నగరము సన్న్యాసులతోను, యాత్రికులతోను, బిచ్చగాండ్రతోను, పనికై వచ్చిన చిత్రకారులతోను క్రిక్కిరిసియుండెను. కరవాజ్జో తొలిదినములలో కూటికి కటకటపడెను. పేరుపొందిన చిత్రకారుడు చెజారియొద్ద చేరి పూవులను, పండ్లను చిత్రించు పనిలో కుదిరెను. అచ్చట నుండగానే పనితనము నలుగురి కంట బడెను. చెజారిని విడిచిన పిదప కార్డినలు ఫ్రాంచెస్కో దెల్ మోంటె ఈతని పటములను కొని, తన మేడలోనే చోటిచ్చి పోషించెను.

ఈతని పద్ధతి క్రొత్తది. కాగితముపై ముందుగా గీతలు గీచి సరిదిద్దుకొనుట ఈతనికి అలవాటు కాదు. సజీవులైన మనుష్యులను ఎదుట నిలుపుకొని సూటిగా గుడ్డపై వ్రాయును. చీకటి గదిలో ఒక ప్రక్కనుండి వెలుగు పడునట్లు చేయును. ఆ వెలుగు రాజుపై పడినను, బంటుపై పడినను ఒక్క తీరుననే యుండును. ముఖముపై ముడుతలను, గుడ్డలపై చిరుగులను, గోళ్లలో మట్టిని దాచదు.

ఆ కాలపు దేవాలయ చిత్రముల మర్యాదను ఇచ్చట కొంత చెప్పవలసియున్నది. ధనవంతులు దేవాలయములో ఒక ప్రక్క మందిరమును కొని, అచ్చట తమవారి సమాధులు కట్టించుకొని, బలిపీఠముమీద పటము వ్రాయించెడివారు. పటమునకు డబ్బిచ్చిన ప్రభువును కూడ అందులో ఒక మూల పట్టుబట్టలతో మోకరించియున్నట్లు వ్రాయుట పూర్వాచారము. పునీతులు మేలి వస్త్రములతో, దివ్యకాంతితో వెలుగుదురు. పేదవాడు పటములో నున్నచో చేయిచాచి దానము పుచ్చుకొనుటకే యుండును. సొమ్మిచ్చువాడెవరో, చేయి చాచువాడెవరో, ఎవరు ముందో, ఎవరు వెనుకో, ఇంటిలోవలెనే పటములోను ఏర్పాటై యుండెడిది.

అయితే ఆ కాలముననే మతములో మార్పు వచ్చుచుండెను. ప్రొటెస్టెంటులు విగ్రహములను, పటములను ఆక్షేపించుచుండగా, ట్రెంటు నగరమున కూడిన కతోలిక మహాసభ 1563లో పటములను సమర్థించుచు, అవి సామాన్యజనులకు ధర్మము బోధించునవిగా ఉండవలెనని తీర్మానించెను. చదువురానివానికి పటమే పుస్తకమని దాని భావము. ఆ పుస్తకములో చదువురానివాని ముఖము కూడ ఉండవచ్చునా? కరవాజ్జో ఈ ప్రశ్ననే ముందుకు తెచ్చెను.

మత్తయి చరిత్ర

రోములోని ఫ్రెంచివారి దేవాలయములో మత్తయి చరిత్రను వ్రాయుటకు 1599 జూలైలో ఈతనితో ఒడంబడిక జరిగెను. ఆ మందిరమునకై ఒక ఫ్రెంచి కార్డినలు చనిపోవుచు సొమ్ము విడిచియుండెను. 1600లో రెండు పటములు పూర్తియయ్యెను. అందొకటి మత్తయి పిలుపు. మత్తయి సుంకరి. బల్లచుట్టును లెక్కపెట్టువారు, ఈకల టోపీలు పెట్టి కత్తులు కట్టిన కుర్రవాండ్రు కూర్చుండియున్నారు. అందరును చిత్రకారుని కాలపు దుస్తులలోనే యున్నారు. గది వాకిట క్రీస్తును, పేతురును నిలిచియున్నారు. టోపీలవారి కాళ్లకు మేజోళ్లు, జోళ్లు; పిలుచుటకు వచ్చిన యిద్దరివి వట్టికాళ్లు. సంపన్నుడు కూర్చుండియున్నాడు, వట్టికాళ్లవాడు ఆజ్ఞాపించుచున్నాడు. రోము నగరమంతయు ఈ పటమును చూడబోయెను. కరవాజ్జో పేరు మారుమ్రోగెను.

పిమ్మట ఆ మందిరపు బలిపీఠమునకు మత్తయి సువార్త వ్రాయుచున్నట్లు పటము కోరిరి. కరవాజ్జో మొదట వ్రాసిన పటములో మత్తయి మోకాళ్లవరకు వట్టికాళ్లతో, కాలుపై కాలు వైచుకొని, రైతువలె మోటుగా కూర్చుండియున్నాడు. పాదము చూచువారి వైపు చాచియున్నది. అక్షరములు కూడిరాక కనుబొమలు ముడిచియున్నాడు. దేవదూత ప్రక్కన నిలిచి, పంతులు పిల్లవానిచేత దిద్దించినట్లు, వాని చేయి పట్టి వ్రాయించుచున్నాడు. మందిరపు పెద్దలు దీనిని ఒప్పుకొనలేదు. పునీతునకు ఆ గౌరవము చాలదనిరి. 1602లో కరవాజ్జో మరియొక పటము వ్రాసి యిచ్చెను. అందులో మత్తయి నిండు అంగీతో పండితునివలె నున్నాడు. దూత పైనుండి వ్రేళ్లు మడిచి లెక్క చెప్పుచున్నాడు. అదియే నేటికిని అచ్చట నున్నది. మొదటిదానిని విన్చెంజో జుస్తినియాని అను గొప్ప ప్రభువు కొనుక్కొనెను. అది తరువాత బెర్లినుకు చేరి, 1945లో యుద్ధాంతమున నాశనమయ్యెను. ఇప్పుడు దాని ఛాయాచిత్రములే మిగిలియున్నవి. చదువురాని చేతికి వ్రాత వచ్చుటయే దైవకృప అని చెప్పిన ఆ పటము బలిపీఠమునకు ఎక్కకయే పోయెను.

యాత్రికుల మాత

1600వ సంవత్సరము రోములో జూబిలీ వత్సరము. దూరదేశములనుండి లక్షలకొలది యాత్రికులు కాలినడకను వచ్చిరి. ఫిలిప్పు నేరి అను సాధువు నెలకొల్పిన యాత్రికుల సేవాసంఘము వారికి కూడుపెట్టి, పడక చూపి, కాళ్లు కడిగెను. కార్డినళ్లు, దొరలు, దొరసానులు నడుము వంచి యాత్రికుల పాదములు కడుగుట ఆ యేటి వింతలలో నొకటి. అది మంచిపనియే. కాని అచ్చటను అందరి చూపు వంగినవారిమీదనే యుండును. పాదములు ఎవరివో ఎవరును అడుగరు.

కొంతకాలమునకు కవల్లెత్తి అను కుటుంబమువారు అగస్తీను దేవాలయమున తాము కొనిన మందిరమునకు లొరేతో మాత పటమును కోరిరి. లొరేతో ఇటలీలో గొప్ప పుణ్యక్షేత్రము. నజరేతులో మరియమాత నివసించిన యిల్లును దేవదూతలు ఆకాశమార్గమున మోసికొని వచ్చి అచ్చట నుంచిరని భక్తుల విశ్వాసము. ఇతరులు ఆ పటమును వ్రాసినచో ఆకాశమున ఎగురుచున్న యిల్లును, దూతలను, మేఘములను వ్రాయుదురు. 1604, 1606 సంవత్సరముల మధ్య కరవాజ్జో వ్రాసిన పటములో మేఘములు లేవు. గోడపూత రాలిన సామాన్యమైన వాకిలి మాత్రము కలదు. గడపపై మరియమాత వట్టికాళ్లతో, బిడ్డను ఎత్తుకొని, పొరుగింటి యిల్లాలివలె నిలిచియున్నది. ఎదుట ఇద్దరు ముసలి యాత్రికులు, కర్రలు భుజమున ఆన్చి, చేతులు జోడించి మోకరించియున్నారు. ముసలమ్మ తలగుడ్డ మాసి చినిగియున్నది. ముసలివాని అరికాళ్లు రెండును మనవైపే యున్నవి. అవి త్రోవనడిచి వాచి, దుమ్మునిండిన పాదములు.

ఆ పటము ఉన్న చోటును గమనింపవలయును. అది బలిపీఠముమీద నున్నది. గురువు పూజ చేయునప్పుడు భక్తులందరి కన్నులు ఆ వైపునకే తిరుగును. అనగా ఆ దుమ్ముపాదములు దేవాలయమున మిక్కిలి పవిత్రమైన చోట, అందరి కంటి యెదుట నిలిచినవి. వానిని కడుగుటకు దొరలెవ్వరును పటములో లేరు. డబ్బిచ్చిన ప్రభువు పట్టుబట్టలును లేవు. ఆ పాదములు ఎవరి దయవలననో కాక, నడిచివచ్చిన హక్కువలన అచ్చట నున్నవి.

ఈ పటము వెలువడగానే సామాన్యజనులు గుమిగూడి పెద్ద గోల చేసిరని కరవాజ్జోకు గిట్టని చిత్రకారుడు బల్యోనె తన గ్రంథమున వ్రాసెను. ఆయన దానిని ఎత్తిపొడుపుగా వ్రాసెను. గొప్ప చిత్రములో ఇట్టి తుచ్ఛవిషయములు తగవని ఆయన భావము. కాని మనకు ఆ మాట అమూల్యమైన సాక్ష్యము. తమ కాళ్లవంటి కాళ్లను బలిపీఠముమీద చూచిన జనులు మౌనముగా ఉండలేకపోయిరి. ఆ పటమును ఎవరును త్రోసివేయలేదు. నేటికిని అది అదే మందిరమున నున్నది.

త్రోసివేసిన పటములు

అన్నిటికి అట్టి భాగ్యము కలుగలేదు. కెరూబిని అను న్యాయవాది 1601లో మరియమాత మరణమును వ్రాయుటకు కరవాజ్జోతో ఒడంబడిక చేసికొనెను. పటము త్రాస్తేవెరె పేటలోని కార్మెల్ సన్న్యాసుల దేవాలయమునకు కావలసినది. మరియమాత స్వర్గమునకు ఎగయుచున్నట్లు కాక, పేదయింట చనిపోయిన స్త్రీవలె, ఉబ్బిన శరీరముతో, కప్పుచాలని కాళ్లతో పలకపై పండుకొనియున్నట్లు కరవాజ్జో వ్రాసెను. చుట్టును బట్టతలల అపోస్తలులు దుఃఖించుచున్నారు. ముందు ఒక యువతి తలవంచి యేడ్చుచున్నది. ఆమె కాళ్లయొద్ద రాగిపళ్లెము కలదు. శవమును కడుగుటకు తెచ్చినది. చావు జరిగిన యింటిని చూచినవారెవరికైనను ఆ పళ్లెము కన్నీరు తెప్పించును. సన్న్యాసులు పటమును తిరస్కరించిరి. మర్యాద చాలదనిరి, వేశ్యను ఎదుట నుంచుకొని వ్రాసెనని పుకారు పుట్టెను. ఆ సన్న్యాసుల శాఖకు చెప్పులులేనివారు అని పేరు. వట్టికాళ్లను వ్రతముగా పూనినవారే మరియమాత వట్టికాళ్లను ఓర్వలేకపోయిరి.

పిమ్మట రూబెన్సు అను మహాచిత్రకారుని సలహాపై మాంటువా ప్రభువు దానిని 1607లో కొనెను. తరలించుటకు ముందు రోములో ఒక వారము దానిని అందరికిని చూపవలసివచ్చెను. తరువాత అది ఇంగ్లండు రాజు మొదటి చార్లెసుకును, ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీకిని దక్కి, నేడు పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. పోపుగారి అశ్వసేవకుల సంఘము పేతురు మహాదేవాలయమునకై వ్రాయించిన మరియొక పటము కూడ 1606లో కొలదిదినములకే తీసివేయబడి, పోపుగారి మేనల్లుడు కార్డినలు బోర్గెసె మేడకు చేరెను.

ఇందలి విపరీతమును చూడుడు. పేదలు పూజచేయు చోటికి తగవని త్రోసివేసిన పేదల బొమ్మలను రాజులు, ప్రభువులు పోటీపడి కొనిరి. బలిపీఠముమీద అపచారమనిపించినది రాజమందిరమున అలంకారమయ్యెను. గోడపై వ్రేలాడు పటములోని పేదవాడు ప్రభువును ఏమియు అడుగడు. దేవాలయములోని పటమన్ననో, దానిముందు నిజమైన పేదవాడును వచ్చి మోకరించును; పటమును చూచి, తన్ను తాను చూచుకొని, తనకును అచ్చట చోటున్నదని తెలిసికొనును. కరవాజ్జో పటముల విషయమున జరిగిన వివాదమంతయు ఈ చోటును గూర్చినదే.

పతనము

ఇట్టి పటములు వ్రాసినవాడు పేదలయెడ దయగలవాడని తలచిన పొరపడుదుము. ఆతడు కత్తికట్టుకొని వీధులలో తిరుగును. అనుమతి లేని ఆయుధము ధరించినందుకు బంట్రోతులు ఆతనిని పట్టుకొనిరి. 1604లో ఒక భోజనశాలలో మాటామాటా వచ్చి, ఆర్టిచోకు అను కూరగాయలతోనున్న పళ్లెమును వడ్డించువాని ముఖముపై విసరెను. పటములో సేవకుని నిండు వెలుగులో నిలిపిన చేయియే బల్లయొద్ద సేవకుని గాయపరచెను. 1606 మే 28వ తేదీని రానుచ్చో తొమస్సోని అనువానితో పోరాడి వానిని చంపెను. మరణశిక్షకు పాత్రుడై రోమునుండి పారిపోయెను. చిన్ననాటినుండి తన కుటుంబమునకు అండగా నున్న కొలొన్నా ప్రభువంశమువారి భూములలో తలదాచుకొని, నేపుల్సు నగరము చేరెను.

నేపుల్సులో ఏడుగురు యువప్రభువులు నెలకొల్పిన ధర్మసంఘమొకటి యుండెను. దానికై సప్తదయాకార్యములు అను పటమును 1607 నాటికి వ్రాసెను. ఆకలిగొన్నవారికి అన్నము, బట్టలులేనివానికి బట్ట, బాటసారికి బస, శవమునకు సంస్కారము – అన్నియు ఒకే యిరుకువీధిలో, ఒకే రాత్రి జరుగుచున్నవి. ఒక కూతురు చెరసాలలోని ముసలితండ్రికి కటకటాలగుండ చనుబాలిచ్చుచున్నది. మలుపునొద్ద మోసికొనిపోవుచున్న శవముయొక్క పాదములు మాత్రమే అగపడుచున్నవి. ఆ సంఘము దీనిని ఎంత వెలకును అమ్మరాదని 1613లో నిర్ణయించెను. ఆ మాట నేటికిని నిలిచియున్నది.

1607లో మాల్టా ద్వీపమునకు పోయెను. ఆ దీవి నేలు వీరసంఘములో పైతరగతి సభ్యత్వము కులీనులకే చెల్లును. కరవాజ్జోకు ఆ జన్మలేదు. అయినను సంఘాధిపతి పోపుగారి అనుమతితో 1608 జూలైలో వేరొక తరగతిలో వీరపదవి నిచ్చెను. పై మెట్టు ఎట్టకేలకు అందెను. అచ్చటి ప్రార్థనామందిరమునకు స్నాపక యోహాను శిరచ్ఛేదమును పదునేడడుగుల వెడల్పున వ్రాసెను. ఈతడు తన పేరు వ్రాసిన పటము ఇదొక్కటే. ఆ పేరును యోహాను నెత్తుటితో వ్రాసినట్లు చూపెను. కాని కొన్ని నెలలలోనే మరల కలహించి, చెరసాల పాలై, తప్పించుకొని పారిపోయెను. 1608 డిసెంబరు 1వ తేదీని సంఘమువారు అదే మందిరమున, ఆతడు వ్రాసిన ఆ పటమునెదుటనే కూడి, ఆతనిని వెలివేసిరి.

సిసిలీ ద్వీపమున సిరకూసా నగరమునకు వ్రాసిన పునీత లూచియా సమాధి చిత్రమున గోయి త్రవ్వు కూలివారిద్దరు పటమునకు ముందు కొండలవలె నిలిచియున్నారు. మేత్రాణి వారి వెనుక చిన్నగా అగపడును. మెస్సీనా నగరమున 1609లో కపూచిను సన్న్యాసుల దేవాలయమునకై క్రీస్తు జననమును వ్రాసెను. మరియమాత గడ్డిపై, వట్టినేలమీద బిడ్డతో పండుకొనియున్నది. ప్రక్కన వడ్రంగి పనిముట్ల బుట్ట కలదు. పేదరికమును వ్రతముగా బూనిన ఆ సన్న్యాసుల దేవాలయమున ఈ పటమునకు ఆదరము లభించెను.

1609లో నేపుల్సుకు మరలిరాగా శత్రువులు దాడిచేసి ముఖమున గాయములు చేసిరి. 1610 జూలైలో పోపుగారి క్షమాపణ దొరకునను ఆశతో పటములు వెంటగొని పడవనెక్కెను. దారిలో ఒక రేవున ఆతనిని నిర్బంధించిరి. పడవ పటములతో సాగిపోయెను. విడుదలయై పోర్తో ఎర్కొలె చేరిన కరవాజ్జో జ్వరముతో 1610 జూలై 18వ తేదీని మరణించెను. వయస్సు ముప్పదియెనిమిదేండ్లు.

ఈతని ప్రభావము ఇటలీ, స్పెయిను, హాలెండు దేశముల చిత్రకారులపై మిక్కుటముగా పడెను. కాని తరువాతి తరముల విమర్శకులు తుచ్ఛవిషయముల చిత్రకారుడని ఈతనిని చిన్నచూపు చూచిరి. రొబెర్తో లోంగి అను పండితుడు 1951లో మిలానులో జరిపిన ప్రదర్శనము వలన మరల లోకమున కీర్తి వెలసెను.

కరవాజ్జో జీవితము అనుసరింపదగినది కాదు. ఆతడు తనకు కోరుకొన్నది కత్తి, పదవి, పెద్దల పంక్తిలో చోటు. వానిలో ఏదియు ఆతనికి నిలువలేదు. ఎరిగియో ఎరుగకయో ఆతడు పరులకు సంపాదించిపెట్టిన చోటు మాత్రము నిలిచినది. రోమునకు పోలేనివారికి ఈ పటముల ప్రతిరూపములు పుస్తకములలో లభించును. అట్టి పుస్తకము చేతికి వచ్చినప్పుడు చదువరులు పునీతుల ముఖములను చూచి పుట త్రిప్పివేయక, ఆ పటములో ఎవరు ముందున్నారు, ఎవరు వెనుకనున్నారు, ఎవరి కాళ్లకు జోళ్లున్నవి, ఎవరివి వట్టికాళ్లు అను సంగతిని కూడ గమనింపవలయును. ఏ దేశపు దేవాలయములోని పటమునైనను, ఏ మతపు బొమ్మనైనను అట్లు చూడ నేర్చినచో, దానిని వ్రాయించిన సంఘము ఎట్టిదో చాలవరకు బోధపడును.